వాహనంలో హామ్ రేడియో: ఏ కేబుల్ వాడాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి వేళ కబురు చేరవేయడానికి కార్లలో, జీపుల్లో అమర్చుకున్న హామ్ రేడియోలు పనికొస్తాయి. వాటిలో చాలామంది పట్టించుకోని భాగం ఒకటుంది. అదే సెట్‌ను యాంటెన్నాతో కలిపే కో-యాక్సియల్ కేబుల్.

ఈ కేబుల్ మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ విద్యుద్బంధకం, ఆపైన సన్నని రాగి తీగల అల్లిక, అన్నిటికీ పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. సెట్ నుంచి బయలుదేరిన శక్తిలో కొంత దారిలోనే వేడిగా మారిపోతుంది. కేబుల్ పొడవు, పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. సన్నని కేబుల్‌లో నష్టం మరీ ఎక్కువ.

మరైతే అన్నిటికన్నా లావుపాటి కేబుల్ కొంటే సరిపోతుందా? లెక్క చూద్దాం. 145 మెగాహెర్ట్జ్ వద్ద పనిచేసే 25 వాట్ల సెట్, 5 మీటర్ల కేబుల్ అనుకుందాం. 3 మి.మీ. లోపు మందం ఉండే ఆర్‌జి-174తో యాంటెన్నాకు సుమారు 17 వాట్లు చేరతాయి. 5 మి.మీ. ఆర్‌జి-58తో 20 వాట్లు, 10 మి.మీ. ఆర్‌జి-213తో 22 వాట్లకు పైగా చేరతాయి. చివరి రెండింటి మధ్య తేడా దాదాపు అర డెసిబెల్ మాత్రమే. అవతల వినేవారి చెవికి అది తెలియదు.

పైగా లావు కేబుల్‌ను తలుపు సందులోంచి మలిస్తే నలిగిపోతుంది. లోపలి తీగ పక్కకు జరిగితే అక్కడ 50 ఓంల ఇంపెడెన్స్ మారిపోయి, కొంత శక్తి వెనక్కి పరావర్తనం చెందుతుంది. అందుకే ఈ బ్యాండుకు ఆర్‌జి-58 చాలు. అందులోనూ మధ్య తీగ ఒంటిగా కాక, సన్నని పోగులతో పేనినదైతే కుదుపులను బాగా తట్టుకుంటుంది. ఇంట్లో మిగిలిన టీవీ కేబుల్ వాడకూడదు. అది 75 ఓంలది.

435 మెగాహెర్ట్జ్ వద్ద మాత్రం లెక్క మారుతుంది. అక్కడ అదే 5 మీటర్ల ఆర్‌జి-58 మూడోవంతు శక్తిని మింగేస్తుంది. ఎల్‌ఎంఆర్-240 అయితే నష్టం ఐదోవంతు లోపే. కాకపోతే అది కాస్త బిరుసు, మలుపులు వెడల్పుగా తిప్పాలి.

ఏ రకం తీసుకున్నా అసలు శత్రువు వాననీరు. కనెక్టర్ గుండా నీరు దిగితే రాగి అల్లిక చిలుము పట్టి నష్టం పెరుగుతుంది. కనెక్టర్‌కు నీరు చొరని టేపు చుట్టండి. కేబుల్ కారులోకి వెళ్లేచోట కిందికి వేలాడేలా చిన్న వంపు ఇస్తే నీరు అక్కడే జారిపోతుంది. ఏటా వానాకాలానికి ముందే ఈ రెండూ ఒకసారి చూసుకోవాలి. తుపాను వచ్చాక చూసుకునే వ్యవధి ఉండదు.