బొంగులో కోడి

ములకలపల్లి అడవి పక్కన ఉంది. ఒక ఇంటికి చుట్టాలొచ్చారు. అత్తమ్మ పచ్చి వెదురు బొంగు తెచ్చింది. ఎండు బొంగు మంటకు అంటుకుంటుంది. పచ్చి బొంగులో తడి ఉంటుంది. తొందరగా కాలదు.

కోడలు 1 కిలో కోడిమాంసం చిన్న ముక్కలు కోసింది. 2 గుప్పెళ్ల కొత్తిమీర, 1 గుప్పెడు పుదీనా, పచ్చిమిరపకాయలు, అల్లం, వెల్లుల్లి నూరింది. ఉప్పు, పసుపు వేసింది. ఆ ఆకుముద్ద ముక్కలకు పట్టించింది. నూనె, నీళ్లు పొయ్యలేదు.

ముక్కలు బొంగులో నింపారు. నోటికి ఆకులు కుక్కారు. నిప్పుల మీద తిప్పుతూ కాల్చారు. బొంగు నల్లబడింది.

"తీసేద్దామా అత్తమ్మా?"

"ఆగు బిడ్డా! పైన మాడితే లోపల ఉడికినట్టా? నడుమ ముక్క చూడు."

ముక్క విరిస్తే లోపల ఎర్రగా ఉంది! మళ్లీ నిప్పుల మీద పెట్టారు. ఎరుపు పోయి, ముక్క ఎముక నుంచి ఊడేదాకా ఉంచారు.

ఇంగ్లండు, అమెరికాల్లో రొట్టె ముక్కలు, ఆకులు కలిపి కోడి కడుపులో కూరి కాలుస్తారు. అక్కడా ఇదే జాగ్రత్త. లోపల కూరింది అన్నిటికన్నా చివర ఉడుకుతుంది.

పచ్చి మాంసంలో కంటికి కనపడని క్రిములుంటాయి. బాగా ఉడికితేనే చస్తాయి. లేకపోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పసిపిల్లలకైతే ప్రాణం మీదికొస్తుంది. మాంసం కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడగాలి.

అందరూ తృప్తిగా తిన్నారు. కోడలు నిప్పుల మీద నీళ్లు పోసి ఆర్పింది. అడవి పక్కన నిప్పు వదలకూడదు కదా!

ఆలోచించండి:
1. పచ్చి బొంగే ఎందుకు?
2. మాంసం ఉడికిందని మీరెట్లా తెలుసుకుంటారు?