రెండు పుట్టుమచ్చలు

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ నెల ముచ్చట మొదలుపెట్టే ముందు ఒక్కసారి లేచి బీరువా తెరవండి. పట్టుచీరల కింద ఇంటి కాగితాల కవరు ఉంటుంది చూడండి, అందులోంచి మీ పదో తరగతి మెమో తీయండి. మడతల దగ్గర చిరిగి ఉంటే జాగ్రత్త. పేరు చదవండి. పుట్టింటి ఇంటిపేరుతో ఉంది కదూ? తర్వాత వచ్చిన ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఆధార్ అన్నీ మనలో చాలామందికి అత్తింటి పేరుతోనే నడుస్తున్నాయి. ఆ పేరుకూ ఈ పేరుకూ పొంతన కుదరక ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో చెప్పుకుంటే అదో భారతం. ఇవాళ నా ముచ్చట అది కాదు. మెమోలో ఇంకాస్త కిందికి రండి. పుట్టుమచ్చలు. రెండు.

అవి రాసిన రోజు నాకు బాగా గుర్తు. మాది ఇబ్రహీంపట్నంలో 1993–94 టెన్త్ బ్యాచ్. పబ్లిక్ పరీక్షల ఫారాలు నింపుతూ క్లాసు టీచరు ‘ఒక్కొక్కరికి రెండు మచ్చలు కావాలి, చూసుకొని రండి’ అని ఆడపిల్లలందరినీ వరండాలోకి పంపింది. ఇక చూడాలి మా సంబరం! ఒకరి మెడ ఒకరు చూడటం, జడ ఎత్తి చెవి వెనక వెతకడం. ఒకామెకు ఉన్న మచ్చలన్నీ బయటికి చెప్పలేని చోట్లే ఉన్నాయి, ఏడుపు ఒక్కటే తక్కువ. ఎలిమినేడు నుంచి వచ్చే పిల్లకు గదవ మీద ఒక్కటే దొరికింది. రెండోది ఎంత వెతికినా లేదు. చివరికి ఎడమచేతి చూపుడువేలు మీద వరి కోసేటప్పుడు తెగిన కొడవలి గాటు చూపించింది. టీచరమ్మ ఒక్క క్షణం ఆగి, సరేనని అదే రాసుకుంది.

పుట్టిన తేదీల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మా క్లాసులో సగం మంది జూన్ నెలలోనే పుట్టారు! బడిలో వేసిన రోజు సారు ఏది రాస్తే అదే పుట్టినరోజు. సంవత్సరం మాత్రం చాలామందికి 1978. మా రంగారెడ్డి జిల్లా పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆగస్టు 15న. జిల్లాకూ మాకూ ఒకటే ఈడు అని సోషల్ సారు నవ్వించేవారు.

క్లాసులో ఒకే పేరు నలుగురికి ఉండేది. అందుకని పేర్లు పక్కన పడేసి ఊళ్లతోనే పిలుచుకునేవాళ్లం. రాయపోలూ, ఇటు రావే. దండుమైలారం, నీ రికార్డు ఇయ్యవే. మగపిల్లలకూ మేం ఊళ్లమే. ఇది ఎంత పెద్ద చిక్కు తెచ్చిపెడుతుందో అప్పుడు తెలియలేదు.

ఇక ఆఖరి నెలల ముచ్చట. ముందు స్వపరిపాలన దినం. దండుమైలారం ఆ రోజు జిల్లా కలెక్టరు. వాళ్ల వదిన పెళ్లిచీర, వాళ్ల అన్న చేతిగడియారం. గడియారం ముంజేతి నుంచి మోచేతి దాకా జారుతుంటే అదే చేత్తో మరుగుదొడ్డి తలుపు చూపిస్తూ ‘గడియ ఎందుకు లేదు?’ అని నిజం హెడ్మాస్టరునే నిలదీసింది. మేం భయంతో ఊపిరి బిగబట్టాం. వారం తిరగకుండా గడియ వచ్చింది. మా చదువుకాలంలో ఏ అధికారి తనిఖీతోనూ అంత పని జరిగినట్టు నాకైతే గుర్తు లేదు.

ఫేర్‌వెల్‌కు తొమ్మిదో తరగతి వాళ్లు చందాలేసుకొని లడ్డూ, కారప్పూస, అరటిపండు పెట్టారు. మాకందరికీ అరువు చీరలే. జాకెట్లు వదులై ఒక్కొక్కరికి అరడజను పిన్నీసులు. రాయపోలు ఉపన్యాసం మొదలుపెట్టి ‘గౌరవనీయులైన’ దగ్గరే ఏడ్చేసింది, అక్కడితో సభ ముగిసినట్టే. ఆటోగ్రాఫు పుస్తకాల్లో మగపిల్లలు కూడా రాశారు. అవి ఇంట్లో ఎక్కడ దాచానో, అమ్మ ఎక్కడ పట్టుకుందో ఇంకో నెల చెబుతాను. ఆ సాయంత్రం కొందరం పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్లి కూర్చున్నాం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటి చెరువు, మా తాతల తాతలు కూడా అదే కట్ట మీద కూర్చుని ఉంటారు. పరీక్షలు పదకొండు పేపర్లు, ఆ తర్వాత ఎవరు ఎటు పోతారు అని లెక్కలు వేసుకున్నాం. ఒక్క లెక్కా నిలవలేదు.

గ్రూప్ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఎలిమినేడు లేదు.

మాఘమాసంలో దాని పెళ్లైంది. మేమందరం వెళ్లాం. పప్పు, పులుసు, బూందీ. వంకాయకూర బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నాను. పెళ్లిపీటల మీద కూర్చున్నది మా బెంచీలో కూర్చునే పిల్ల అనీ, నెల తిరిగితే పరీక్షలనీ మాలో ఒక్కరికీ తప్పుగా తోచలేదు చెల్లీ. అది ఇప్పటికీ నన్ను కుట్టేస్తుంది. ఆడపిల్లకు పెళ్లి వయసు పద్దెనిమిది అని చట్టం మార్చింది కూడా ఆ 1978లోనే. అంటే చట్టానికీ మాకూ కూడా ఒకటే ఈడన్నమాట. మా జిల్లాలోనే 1991లో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ కూలికి పోయే పిల్లలను బడికి మళ్లించే పని మొదలుపెట్టింది, ఆమెకు 2003లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. మా ఎలిమినేడు ఇంటి గుమ్మం దాకా మాత్రం ఎవరూ రాలేదు. అప్పటి సంగతి కదా అనకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో కూడా తెలంగాణలో ఇరవై, ఇరవై నాలుగేళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి ఇరవై ముగ్గురికి పైగా పద్దెనిమిది నిండకుండానే పెళ్లైనవాళ్లు.

2024లో మా బ్యాచ్ మగవాళ్లు ఆత్మీయ సమ్మేళనం పెట్టారు. ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, మటన్ భోజనం, అన్నీ ఘనంగానే. లెక్కల సారు పాత రిజిస్టరు వరసలో హాజరు పిలిచారు. బట్టతలలు లేచి నిలబడి ‘ప్రెజెంట్ సార్’ అంటుంటే కడుపుబ్బ నవ్వాం. ఆడపిల్లల పేర్లు మొదలయ్యాక నవ్వు తగ్గింది. వచ్చింది ఆరుగురం.

‘మేం వెతికినం, దొరకలే’ అన్నారు మగవాళ్లు. నిజమే, తప్పు పట్టను. వాళ్లలో చాలామంది పుట్టిన ఊళ్లోనే ఉన్నారు, అదే ఇల్లు, అదే ఇంటిపేరు. మేం ఊరు మారాం, ఇంటిపేరు మారింది, మాకున్న ఫోను నంబరు మొగుడి పేరు మీద ఉంది. పైగా ఊరి పేరుతో పిలిచిన పిల్ల ఆ ఊరే వదిలేశాక ఏమని వెతుకుతారు? నా మెమో చేతిలో పట్టుకుంటే ఒకటే అనిపించింది. ఈ దేశంలో నేను ఎవరి కూతురినో తెలిపే కాగితం ఇదొక్కటే, దీన్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను.

సరే, వెతుకుదామని ఆరుగురం పూనుకున్నాం. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, చార్జీలకు ఎవర్నీ అడిగే పని లేదు. ఆధార్ చూపించు, జీరో టికెట్టు తీసుకో. రాయపోలు నాలుగు ఊళ్లు తిరిగి ముగ్గుర్ని పట్టింది. దండుమైలారం కలెక్టరు కాలేదు గానీ అంగన్‌వాడీ టీచరైంది, ఆ పరిచయాలతో ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చింది. నేను మాత్రం వెతకకుండానే దొరకబుచ్చుకున్నాను.

మొన్న మాల్ వైపు పోయే బస్సులో వెళ్తున్నా. పక్కసీట్లో ఒకావిడ, ఒళ్లో మనవడు. కండక్టరు జీరో టికెట్టు ఇస్తే ఎడమచేత్తో అందుకుంది. చూపుడువేలు మీద వంకర గాటు. మొహం తిప్పి చూస్తే గదవ మీద మచ్చ.

‘ఎలిమినేడూ!’ అన్నాను. బస్సులో సగం మంది తిరిగి చూశారు.

ఆమె నన్ను పరీక్షగా చూసింది. ముప్పై ఏళ్లుగా ఆ పేరుతో ఎవరూ పిలవలేదు కదా, గుర్తుకు రావడానికి టైం పట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది, యాచారం దాకా వదల్లేదు. పిల్లలు, పొలం, మోకాళ్ల నొప్పులు, అన్నీ చెప్పింది. దిగే ముందు కొంగు సర్దుకుంటూ అడిగింది.

‘అవునే, నా హాల్‌టికెట్టు వచ్చిందా అప్పుడు?’

వచ్చిందని చెప్పాను. పరీక్షల ముందు రోజు దాకా ఆఫీసు రూములో టేబుల్ మీదే ఉండటం చూశాను.

‘ఫొటో మంచిగ వచ్చిందా దాంట్ల?’

వచ్చిందే అన్నాను. నిజానికి నేను దగ్గరికి వెళ్లి చూడలేదు.

ఇంటికొచ్చి ఆమె నంబరు బ్యాచ్ గ్రూపులో చేర్చాను, పుట్టింటి ఇంటిపేరుతో పేరు రాశాను. ‘ఎవరు మేడం వీరు?’ అని ఇద్దరు అడిగారు. ‘గదవ మీద మచ్చ, వేలు మీద కొడవలి గాటు’ అని టైపు చేశాను. మూడు నిమిషాలు కాలేదు, ఎక్కడో దుబాయిలో ఉన్న ఒకడు రాశాడు:

‘ఎలిమినేడా?’