పాలు పొంగినప్పుడు గ్యాసు పొయ్యి

కట్టెల పొయ్యి మీద పాలు పొంగితే పాలు పోతాయి, బూడిద తడుస్తుంది, అంతే. గ్యాసు పొయ్యి సంగతి వేరు. పొంగిన పాలు మంటను ఆర్పివేస్తాయి. మీట మాత్రం తెరిచే ఉంటుంది కనుక గ్యాసు వస్తూనే ఉంటుంది. పాలు పొయ్యిమీద పెట్టి దూడను కట్టడానికి వెళ్ళే అలవాటు మన ఇళ్ళలో ఉన్నదే. పొంగు వచ్చేవరకు ఎవరో ఒకరు దగ్గర ఉండవలెను.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. పైకి పోదు, నేలబారున పాకుతుంది. పక్కనే కట్టెల పొయ్యి మండుతుంటే అక్కడ అంటుకొనగలదు. అందుచేత ఈ రెండు పొయ్యిలు ఒకే గదిలో వద్దని మేము గట్టిగా చెబుతున్నాము. దాణా ఉడికించే పొయ్యి వాకిట్లోనే ఉండనివ్వండి.

వాసన తగిలిన వెంటనే పొయ్యి మీట, రెగ్యులేటరు కట్టివేయండి. దీపం, అగరువత్తి ఆర్పి, తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. కరెంటు స్విచ్చి వేయరాదు, వేసి ఉన్నది తీయరాదు. అందులో పుట్టే చిన్న రవ్వ చాలు. ఇంటి బయటికి వచ్చిన తరువాతనే 1906 నంబరుకు ఫోను చేయండి. అది రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

రబ్బరు గొట్టం ఐదేళ్ళకు మించి వాడరాదు. ఎలుక కొరికినా, పగుళ్ళు కనిపించినా ఆ రోజే మార్చవలెను. లీకు అనుమానమైతే సబ్బు నురుగు రాసి బుడగలు లేస్తాయేమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవారు ఇంకా ఉన్నారు, ఆ పని ఎన్నడూ చేయరాదు.

పొంగిన పాలు బర్నరు రంధ్రాలలో ఎండితే మంట పసుపుబారి గిన్నెలు మసిబారుతాయి. బర్నరు బాగా చల్లారాక కడిగి, తడి ఆరిన తరువాత తిరిగి అమర్చండి. మంట నీలంగా రావాలి.