కాలదోషము పట్టిన బాకీ

చిరంజీవి సుబ్రహ్మణ్యమునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇంటి ఋణమునకై దరఖాస్తు పెట్టగా, అయిదేండ్ల క్రిందట నీవు కట్టక విడిచిన క్రెడిట్ కార్డు బాకీ అడ్డు తగిలినదనియు, ఇప్పుడెవరో ఫోను చేసి, ఒక కాగితముపై సంతకము పెట్టి సగము కట్టినచో వ్యవహారము ముగియుననుచున్నారనియు వ్రాసితివి. తొందరపడి సంతకము చేయకుము.

తాకట్టు లేని ఇట్టి అప్పునకు దావా వేయుటకు 1963 నాటి లిమిటేషన్ చట్టము మూడేండ్ల గడువే ఇచ్చినది. మా ఊరి షావుకార్లు ఈ సంగతి నెరిగినవారగుటచే, గడువు తీరుటకు నాలుగు దినములు ముందుగనే ఋణస్థుని గడప త్రొక్కి, అయిదో పదో పుచ్చుకొని, ప్రోనోటు వెనుక ఆ చెల్లు అతనిచేతనే వ్రాయించి, సంతకము చేయించుకొని పోవుచుండెడివారు. ఆనాటి నుండి మరల మూడేండ్లు మొదలగును. గడువు దాటిన పిమ్మట అట్టి చెల్లు దావాను బ్రతికింపజాలదు గాని, పాత అప్పు తీర్చెదనని వ్రాసి సంతకము చేసితివా, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అది క్రొత్త ఒప్పందమై కోర్టులో నిలుచును. వారు చాచు కాగితమును అక్షరమక్షరము చదువుమనుట ఇందులకే.

అయితే దావా చెల్లనంత మాత్రమున అప్పు తీరినట్లు కాదు. బ్యాంకు రైటాఫ్ చేసినదన్నచో తన పద్దులు సవరించుకొన్నదనియే గాని, నీకు మాఫీ చేసినదని కాదు. 300 మొదలు 900 వరకు స్కోరు కట్టు సిబిల్ వంటి సంస్థలు ఇట్టి చరిత్రను కనీసము ఏడేండ్లు భద్రపరచును; కోర్టు గడువుతో వానికి నిమిత్తము లేదు.

కావున ముందుగా నీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకొనుము. అట్టి సంస్థలు నాలుగున్నవి, ప్రతియొక్కటియు ఏటా ఒక రిపోర్టు ఉచితముగా ఈయవలెను. బాకీ బ్యాంకు చేతిలోనే యున్నదో, మరియొక సంస్థకు అమ్మివేసినదో, అసలెంతయో, వడ్డీయెంతయో వ్రాతమూలకముగా అడుగుము. సగముతో తెగగొట్టుకొన్నచో రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడును. రేపు అప్పిచ్చువాడు దానిని చూచి, తక్కిన సగము ఎగవేసితివనియే తలచును. శక్తి యున్నచో మొత్తము చెల్లించి, బాకీ లేదను పత్రము పుచ్చుకొనుము. ఆ పిదప ఫిర్యాదు చేసినను 30 దినములలో రిపోర్టు సరిదిద్దనిచో, దినమునకు 100 రూపాయల వంతున పరిహారమడుగు హక్కు నీకున్నది.

చట్టమును తెలిసికొనుమంటిని గాని, దాని చాటున దాగుమనలేదు. ఆ సొమ్ము వాడుకొన్నవాడవు నీవు; ఒకరి బెదరింపునకు లొంగి కాక, లెక్క చూచుకొని నీయంతట నీవే తీర్చుట నీకు గౌరవము. ఇల్లు ఒక యేడు ఆలస్యమైనను కొంప మునుగదు.

ఇట్లు,
మీ మామయ్య