అడ్డపొగ మానండి – అంగిలిని కాపాడుకోండి

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరగ్రామాలలో అడ్డపొగ తెలియనివారు అరుదు. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని పీల్చడమే అడ్డపొగ. ఈ అలవాటు ఎక్కువగా స్త్రీలలో కనిపిస్తుంది. పని చేసుకునేటప్పుడు గాలికి చుట్ట ఆరిపోదని, నుసి రాలదని చెబుతారు. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకుంటారు.

హాని ఎలా జరుగుతుంది?

నిప్పు వేడి, పొగాకు విషం రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగ త్రాగేవారికి గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం తక్కువ. అడ్డపొగ త్రాగేవారికి తరచుగా అక్కడే వస్తుంది.

అయితే ఇది ఒక్క రోజులో వచ్చే జబ్బు కాదు. మొదట అంగిలి తెల్లబడి మందమవుతుంది. ఎర్రని చుక్కలున్న చిన్న బుడిపెలు లేస్తాయి. తరువాత ఎర్ర మచ్చలు, పుండ్లు రావచ్చు. ఈ దశలో చాలామందికి నొప్పి ఉండదు. అప్పుడే చుట్ట మానితే ఈ మార్పులు తగ్గే అవకాశం ఉంది.

ఎందుకు ఆలస్యమవుతోంది?

నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ కావాలి, ఇంట్లో పిల్లలున్నారు. వీటన్నిటికన్నా పెద్దది, “ఆడదానివై చుట్ట త్రాగుతావా?” అని ఎవరైనా తిడతారేమోనన్న సిగ్గు. ఇంతలో పుండు ఎముకలోకి పాకుతుంది. అప్పుడు అంగిలిలో కొంత భాగం తీసివేయవలసి రావచ్చు. తిన్నది ముక్కులోకి వస్తుంది, మాట స్పష్టంగా రాదు.

నెలకొకసారి ఇలా చూసుకోండి

1. నోరు పుక్కిలించి, కట్టుడు పళ్లుంటే తీసివేయండి.
2. వెలుగులో అద్దం పట్టుకొని, తల వెనక్కి వంచి అంగిలి చూడండి. టార్చిలైటుతో మరొకరు చూస్తే ఇంకా మంచిది.
3. నాలుక, బుగ్గల లోపలి భాగం, చిగుళ్లు కూడా చూడండి.

రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మెడలో గడ్డ, మ్రింగడం కష్టం – వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

సహాయం ఎక్కడ?

30 ఏళ్లు దాటినవారికి నోటి పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను లేక ఏఎన్ఎంను అడగండి. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స ఉచితంగా లభిస్తుంది. చుట్ట మానడానికి సలహా కావలసినవారు 1800 112 356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కుటుంబ సభ్యులకు ఒక మాట: త్రాగే అమ్మను, అత్తను గద్దించకండి. గద్దిస్తే చాటుగా త్రాగుతారు, పుండు కూడా దాచుకుంటారు. ఈ నెల స్త్రీల కూడికకు ఒక టార్చిలైటు తీసుకువెళ్లండి. ప్రార్థన ముగిశాక ఒకరి నోరు ఒకరు చూసుకోండి. తోటి సహోదరికి ఇదీ ఒక సేవే. దేవుడు మీకు ఆరోగ్యమునిచ్చి కాపాడును గాక!