స్నేహితుని జ్ఞాపకార్థము పడిన ప్రయాస

చదువవలసిన భాగము: 2 సమూయేలు 9:1-13



మనలో ఒకరు ప్రభువునందు నిద్రించినప్పుడు మనము జ్ఞాపకార్థ కూడిక పెట్టుకొందుము. పాటలు పాడి, సాక్ష్యములు చెప్పి, వచ్చినవారికి భోజనము పెట్టుదుము. ఇది మంచిదే. అయితే పందిరి విప్పిన మరునాడు ఆ స్నేహితుని జ్ఞాపకము ఎక్కడ నిలుచును?

యోనాతాను గిల్బోవ కొండమీద చనిపోగా దావీదు విలపించెను. అంతటితో ఊరకుండలేదు. తాను రాజైన తరువాత స్నేహితుని ఇంటివారిలో మిగిలినవారిని వెదకించెను. లోదెబారులో రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు దొరికెను. దావీదు అతనికి తాతగారి భూమి తిరిగి ఇప్పించి, తన బల్లయొద్దనే కూర్చుండబెట్టెను. చనిపోయినవాని మీది ప్రేమ బ్రదికియున్నవాని పళ్లెములోనికి వచ్చెను.

ఇట్టిదే కెనడా దేశములో జరిగిన ఒక సంగతి మనము తెలిసికొనదగినది. టెర్రీ ఫాక్స్ అను యువకునికి 1977లో ఎముక కాన్సరు వలన కుడికాలు మోకాలికి పైగా తీసివేసిరి. ఆసుపత్రిలో తోటి రోగుల బాధ చూచిన అతడు, కాన్సరు పరిశోధనకు ధనము కూర్చుటకై 1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ పట్టణమునుండి కృత్రిమ కాలితో పరుగు ఆరంభించెను. దినమునకు సుమారు 42 కిలోమీటర్లు! స్నేహితుడైన డగ్ ఆల్వర్డ్ వెంట వ్యాను నడిపి, వంట చేసి పెట్టెను. 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన పిమ్మట రోగము ఊపిరితిత్తులకు పాకుటచేత టెర్రీ ఆగిపోయెను. 1981 జూన్ 28న 22 ఏండ్ల ప్రాయమున చనిపోయెను.

ఆ సెప్టెంబరులోనే అతని పేరట మొదటి జ్ఞాపకార్థ పరుగు జరిగెను. సుమారు 3,00,000 మంది పాల్గొనగా 35 లక్షల డాలర్లు పోగాయెను. అందులో గెలుపు ఓటములు లేవు. అతని స్నేహితుడు రిక్ హాన్సెన్ 15వ యేట ప్రమాదములో కాళ్లు చచ్చుబడినవాడు. టెర్రీ మాదిరిచేత కదిలింపబడి, 1985 మార్చి నుండి 1987 మే వరకు చక్రముల కుర్చీని చేతులతో త్రిప్పుచు 34 దేశములలో 40,000 కిలోమీటర్లు సాగెను. వెన్నుపాము దెబ్బతిన్నవారి నిమిత్తము 2 కోట్ల 60 లక్షల డాలర్లు పోగాయెను.

దీనినుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

1. పరుగు రోగమును బాగుచేయదు. అయితే ఒకడు ఒళ్లు అలసిపోవునట్లు ప్రయాసపడుట చూచినప్పుడు చూచినవారి చేయి జేబులోనికి పోవును. మాటకంటె చెమట దూరము వినిపించును.

2. పరుగెత్తినవాడు ఒక్కడే, గాని వాని అన్నము వండినవాడును ఆ పనిలో పాలివాడే. పక్షవాయువు గలవానిని మోసిన నలుగురి పేర్లు మనకు తెలియవు (మార్కు 2:1-5).

3. టెర్రీ అవతలి సముద్రమును చేరలేదు. సగములో నిలిచిన పనిని స్నేహితులు చేపట్టినప్పుడు అది ఆగిపోయిన పని కాదు.

మనము దేశములు దాటనక్కరలేదు. పోయిన స్నేహితుని భార్య పొలమును నలుగురము కలిసి ఒక దినము దున్నగలము. అతని రోగముతోనే బాధపడుచున్న మరియొక బీదవాని మందులకై పొరుగూళ్లకు కాలినడకను పోయి చందా కూర్చగలము. వచ్చిన ప్రతి రూపాయిని వ్రాసి సంఘము ఎదుట చదివి వినిపింతము. పౌలును కానుకల విషయములో ఇట్టి జాగ్రత్తయే తీసికొనెను (2 కొరింథీయులకు 8:20-21). ఆయాసమును ఆరోగ్యము చూచుకొని తలపెట్టవలెను. బలహీనులు వంటపని, లెక్కలపని చేయవచ్చును.

ఆలోచించుడి:

గత యేడు మన సంఘములో నిద్రించినవారు ఎవరు? వారి యిండ్లలో మిగిలినవారు ఎవరు? వారిని వెదకుచు ఈ నెలలో మన కాళ్లు ఎంత దూరము నడచును?