డాబా మీద నాలుగు ఏరియళ్లు



అమ్మడూ, నీ హామ్ రేడియో ఏరియళ్ల కోసం నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. డాబా నడిమధ్య ఒకే ఒక్క జీఐ పైపు. దాని నెత్తిన 2 మీటర్ల బ్యాండు ఏరియల్, మూరెడు పక్కన 70 సెంటీమీటర్లది, ఆ కింద 40 మీటర్ల డైపోల్, దాన్ని ఆనుకుని 20 మీటర్లది. ఒకదానికొకటి ఎన్ని అడుగుల దూరం ఉండాలని అడిగావు. అడుగుల మాట తరవాత. వీటిలో ఏ రెండింటిని ఒకేసారి నడుపుతావో ముందు తేల్చుకో. ఒకటి మాట్లాడుతుండగా ఇంకొకటి వినాల్సిన అవసరమే లేకపోతే, నువ్వు భయపడుతున్న గొడవలో ముప్పాతిక వంతు ఉండదు.

దెబ్బ తగిలేది వినే సెట్టుకి. నీ 50 వాట్ల సెట్టుతో 145 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతున్నావనుకో. నాలుగు మీటర్ల అవతల, అదే ఎత్తులో, అదే బ్యాండుకి రెండో సెట్టు ఏరియల్ ఉంది. మధ్యలో తగ్గేది సుమారు 28 డెసిబెల్స్. అంటే రెండో సెట్టులోకి 80 మిల్లీవాట్లు, దాదాపు 2 వోల్టులు పోస్తున్నావు. 5 మైక్రోవోల్టులు వస్తేనే గట్టి సిగ్నల్ అనుకునే సెట్టది, చెవుడు రాక ఏమవుతుంది? అవే రెండు ఏరియళ్లని అదే నాలుగు మీటర్ల ఎడంతో ఒకదాని పైన ఒకటి నిట్టనిలువుగా పెట్టు. 40 డెసిబెల్స్ తగ్గి, రెండో దానికి చేరేది 5 మిల్లీవాట్లే. నిలువు ఏరియల్ తన నెత్తి మీదికీ కాళ్ల కిందికీ దాదాపు ఏమీ పంపదు, అదీ కిటుకు. పక్కకి దూరం రెట్టింపు చేస్తే కలిసొచ్చేది 6 డెసిబెల్స్, ఎత్తులో రెట్టింపు చేస్తే 12. మీ డాబాకి పక్కన చోటెలాగూ లేదు.

ఈసారి బీచికెళ్లినప్పుడు హార్బరులోకొచ్చే ఓడల మాస్టులు గమనించు. ఒక్కో ఏరియల్ ఒక్కో ఎత్తులో ఉంటుంది. అంత జాగ్రత్తపడే వాళ్లకీ తిప్పలు తప్పలేదు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో షెఫీల్డ్ అనే బ్రిటిష్ ఓడ ఉపగ్రహం ద్వారా మాట్లాడుతుండగా, శత్రువు రాడార్‌ని పసిగట్టాల్సిన రిసీవరు ఆ సమయానికి గుడ్డిదైపోయిందని చెబుతారు. ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మంది పోయారు. మన డాబా మీద అంత ప్రమాదం లేదులే.

ఇక పొడవాటి తీగల సంగతి. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ పొడవు మీటర్లలో వస్తుంది. 40 మీటర్ల బ్యాండు 7.1కి తీగ పొడవు 20 మీటర్లు, 20 మీటర్ల బ్యాండు 14.2కి 10. ఈ బ్యాండుల్లో ఒక తరంగం పొడవుకి సరిపడా ఎడం ఇవ్వాలంటే మీ వీధి మొత్తం కావాలి. అయినా ఈ బ్యాండులు నడిపే హెచ్‌ఎఫ్ సెట్టు నీ దగ్గర ఒక్కటేగా, రెండు డైపోళ్లు ఒకేసారి ఎలా వాడతావు? రెండు జతల తీగల్నీ ఒకే కోయాక్స్ కేబుల్‌కి కట్టు. మధ్యలో ఎత్తుగా లేపి, 40 మీటర్ల బ్యాండు తీగల్ని ఒక మూల నుంచి ఎదురు మూలకి తిరగేసిన వి ఆకారంలో దింపు. 20వి మిగతా రెండు మూలల వైపు పోనీ. చివర్లు కలిసి ఉంటే ఒకదాని ట్యూనింగు ఇంకొకటి లాగేస్తుంది. ఆ చివర్లలోనే వోల్టేజీ ఎక్కువ, బట్టలారేసే మీ అమ్మ చేతికి అందనంత ఎత్తులో ఉండాలి.

అసలు చిక్కు నువ్వు పట్టించుకోని చోట ఉంది. 145ని మూడుతో గుణించు. 435. నీ 2 మీటర్ల సెట్టు మూడో హార్మోనిక్ తిన్నగా 70 సెంటీమీటర్ల బ్యాండులో పడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రిపీటరు మీద మాట్లాడాలని ఉందన్నావు కదా. పైకి 145.990, కిందికి 437.800. 145.990కి మూడు రెట్లు 437.970. నువ్వు వినాల్సిన చోటికి 170 కిలోహెర్ట్జ్ దూరంలో నీ గొంతే మోగుతుంది. శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఇస్రో పంపిన హామ్‌శాట్‌తో ఈ బాధ ఉండేది కాదు. అది పైకి 435, కిందికి 145. హార్మోనిక్స్ పైకే పోతాయి కానీ కిందికి దిగవు. అంతరిక్ష కేంద్రం కోసమైతే ఏరియళ్లని ఇంకో రెండు మీటర్లు జరిపినా లాభం తక్కువ. డిప్లెక్సరో ఫిల్టరో పెట్టు, ఒక యాగి ఏరియల్‌ని నిలువుగా, రెండోదాన్ని అడ్డంగా ఒకే కర్రకి బిగించు.

దూరంతో అస్సలు లొంగనిది ఇంకొకటుంది, మన ఊరి తుప్పు. పై అంతస్తు వేద్దామని బావ పిల్లర్ల మీద వదిలేసిన ఇనప ఊచలు ఎన్నేళ్లుగా ఉప్పుగాలి తాగుతున్నాయో నీకే తెలుసు. తుప్పు పట్టిన రెండు ఇనుములు వదులుగా తాకిన చోటు డయోడులా పనిచేస్తుంది. నువ్వు పంపిన శుభ్రమైన సిగ్నల్‌ని పట్టి, లేని హార్మోనిక్స్ పుట్టించి మళ్లీ గాల్లోకి వదులుతుంది. ఓడల వాళ్లకిది పాత శత్రువే. ఏరియల్ కొలిచే మీటరు అంతా బాగుందంటుంది, రిసీవరులో మాత్రం చెత్త. ఊచల్ని వైరు బ్రష్షుతో గీకి, ఒకదానికొకటి తాకకుండా ఎడం చేసి, రెడాక్సైడ్ కొట్టించు. పైపు క్లాంపులకి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడు. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా కలపొద్దు. కోయాక్స్ కనెక్టర్లకి తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టు, మామూలు ఇన్సులేషన్ టేపు ఒక్క వానాకాలం కూడా ఆగదు.

ఇవన్నీ ఇప్పుడెందుకంటావా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నదానివి. సెల్‌ఫోన్లు మూగబోయాయి, కరెంటు లేదు, హామ్ రేడియో వాళ్లు సందేశాలు మోశారు. అలాంటి రోజున తుఫాను కంట్రోల్ రూమ్ మేడ మీద హెచ్‌ఎఫ్ సెట్టు ఒకటి, నీ 2 మీటర్ల లాంటి వీహెచ్‌ఎఫ్ సెట్లు రెండు ఒకేసారి నడవాలి. ఏది ఎక్కడ కట్టాలో అప్పటికప్పుడు ఆలోచిస్తూ కూర్చుంటే పని నడవదు. అందుకని మీ డాబా మీదే లెక్కలు రాసుకుంటూ నేర్చుకో.

ముందు ఒక్క ఏరియల్ లేపి ఎస్‌డబ్ల్యుఆర్ (ఏరియల్ ఎంత పవరు వెనక్కి తోస్తుందో చెప్పే అంకె) రాసుకో. రెండోది లేపాక మొదటిదాన్ని మళ్లీ కొలువు. అంకె మారితే అవి ఒకదాన్నొకటి లాగుతున్నట్టే. తరవాత ఒక సెట్టులో ఏదైనా బలహీనమైన స్టేషన్ వింటూ, రెండోదాన్ని అతి తక్కువ పవరు నుంచి మెల్లగా పెంచుతూ నొక్కు. ఎక్కడ వినికిడి మందగించిందో ఆ వాట్లు రాసుకో. రెండు కోయాక్స్‌లూ ఒకే కట్టగా కట్టి కిటికీలోకి దింపకు, ఒక్కోదానికి ఏరియల్ దగ్గర ఫెరైట్ రింగు మీద నాలుగైదు చుట్లు వెయ్యి.

పైపు మాత్రం ఇప్పుడే కొనకు. దాని పొడవు తేల్చే ముందు పక్కవీధి కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి చెప్పు. పైపు పడిపోయినా వాటి మీద పడకూడదు. తుఫాను హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు దింపేసేలా అడుగున మడత కీలు పెట్టిద్దాం, గాజువాకలో నాకు తెలిసిన వెల్డరు ఉన్నాడు. బావతో నేను మాట్లాడతాను.

మీ మావయ్య